యాది వేరు, మతి వేరు

“యాది ఉంటలేదమ్మా” అని ఆమె మొదటిసారి అన్నప్పుడు నేను నవ్వేశాను. “నాకు మాత్రం ఉంటుందా? కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాను” అన్నాను. శంషాబాద్ బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాం. ఆమె నవ్వలేదు. “మీది వేరే, నాది వేరే” అంది. “పొద్దుగాల గోలీ ఏసుకున్ననో లేదో తెల్వదు. పని కాడ ఒక్క వరండానే రెండుసార్లు తుడుస్తున్న, ఇంకోటి ఇడిసిపెడుతున్న. సూపర్‌వైజర్ తిడుతుండు. చేతులు గూడ ఎనకట్లెక్క ఆడతలేవు.”

ఆమె పేరు ఇక్కడ రాయను. యాభై దాటాయి. విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఒక హోటల్లో కాంట్రాక్టరు కింద హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. భర్త లారీ డ్రైవరు. ఇప్పుడు 44వ నంబరు అంటున్న జాతీయ రహదారి అప్పట్లో 7వ నంబరు. ఆ రోడ్డు మీదే కర్నూలు, అనంతపురం దాటి బెంగళూరుకి లోడు తోలేవాడు. 2003లో చనిపోయాడు. దహనం అయిన పదిహేను రోజులకి ఈమె రక్తం పరీక్ష చేయించారు. “మొగుణ్ణి మింగింది” అన్న మాట అత్తింట్లో ఆ రోజే పుట్టింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అందరికీ తెలుసు. అయినా మాట మాత్రం ఆమె మీదే నిలబడింది.

2005లో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. సుమారు 5,500 ఎకరాలు దానికి పోయాయి. 2008 మార్చి 23న విమానాలు ఎగరడం మొదలైంది. జొన్నచేలూ కంచెలూ ఉన్న చోట గజాల లెక్కన ధరలు మాట్లాడుకున్నారు. ఆ సేకరణలోకి రాకుండా మిగిలిపోయిన ముక్క ఒకటి ఈమె భర్త వాటాలో ఉంది. ఇరవై ఏళ్ళుగా మరిది దాని చుట్టూ తిరుగుతున్నాడు. మొదట్లో “అది ఎక్కువ రోజులు బతకదు” అన్నాడు. ఆమె బతికింది. ఇప్పుడు కొత్త మాట పట్టుకున్నాడు. “ఆ జబ్బు దాని మెదడుకెక్కింది. మతి లేనిది సంతకం ఏం జేస్తది? పిల్లలూ లేరు. మేం చూసుకుంటం.”

ఈ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని. అతను చెప్పింది దురుద్దేశంతోనే. కానీ ఆ మాటలో సగం సైన్సు కూడా చెబుతుంది. హెచ్‌ఐవి నిజంగానే మెదడుని గాయపరుస్తుంది. ఆ సంగతి ఎవరు, ఎప్పుడు, ఎవరి శరీరాల మీద కనిపెట్టారు? మిగిలిన సగం మాట ఎక్కడ అబద్ధమవుతుంది? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని కొన్ని నెలలు చదివాను. చదివింది మీతో పంచుకోకపోతే ఆమెకి బాకీ పడినట్టే.

ఈ చరిత్ర మన దేశంలో స్త్రీల రక్తంతోనే మొదలైంది. 1981లో అమెరికాలో జబ్బు బయటపడింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లుక్ మోంటానియే బృందం వైరస్‌ని పట్టుకుంది. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో సునీతి సాలమన్ దగ్గర చదువుకుంటున్న నిర్మల అనే విద్యార్థిని, సెక్స్‌వర్కర్లని నిర్బంధించి ఉంచిన ఒక హోముకి వెళ్ళి రక్తం సేకరించింది. నమూనాలు ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, వేలూరుకి తీసుకువెళ్ళి పరీక్ష చేయించింది. ఆరుగురి రక్తంలో వైరస్ జాడ కనిపించింది. ఇద్దరు స్త్రీల పట్టుదల వల్ల దేశం కళ్ళు తెరిచింది. నేను వాళ్ళకి నమస్కరిస్తాను. అదే సమయంలో ఆ ఆరుగురి గురించి కూడా ఆలోచిస్తాను. తమ రక్తం దేనికోసం తీస్తున్నారో వాళ్ళకి తెలియదు. వాళ్ళ పేర్లు మనకి తెలియవు. ఆ రోజు నుంచి ‘జబ్బు పుట్టిల్లు’ అన్న ముద్ర మాత్రం ఆడదాని శరీరానికి పడింది.

తర్వాత ప్రభుత్వం లెక్కలు మొదలుపెట్టింది. ప్రసూతి ఆసుపత్రులకి వచ్చే గర్భిణుల రక్తాన్ని బట్టి రాష్ట్రంలో వ్యాప్తిని అంచనా వేశారు. వాళ్ళలో 1 శాతం దాటితే ‘అధిక వ్యాప్తి’ రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో చేరింది. లెక్కకి అది మంచి పద్ధతే కావచ్చు. కానీ కడుపుతో ఉన్నప్పుడు మాత్రమే కనబడే స్త్రీ, భర్త పోయి పిల్లలు లేని స్త్రీగా మారినప్పుడు ఎవరి కంటికి ఆనుతుంది?

మెదడు సంగతి కూడా 1986లోనే స్పష్టంగా నమోదైంది. న్యూయార్క్‌లో నావియా, ప్రైస్ బృందం ఎయిడ్స్ రోగులలో ఒక లక్షణాల గుంపుని వర్ణించింది. మతిమరుపు, ఏకాగ్రత నిలవకపోవడం, ఆలోచన నెమ్మదించడం, నడకలో తూలు, చేతుల పనిలో చురుకు తగ్గడం, మనుషులకి దూరంగా ముడుచుకోవడం. చదువుతుంటే టీ కొట్టు దగ్గర ఆమె చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. “చేతులు ఎనకట్లెక్క ఆడతలేవు” అన్న మాటని నేను ఆ రోజు వినలేదని తెలిసింది. యాదిమరుపు గురించి మాట్లాడుతూ చేతుల ప్రస్తావన ఎందుకు తెచ్చిందో అనుకున్నాను. ఆమె తన జబ్బుని వైద్య పుస్తకం కంటే తక్కువగా ఏమీ వర్ణించలేదు.

అయితే శాస్త్రజ్ఞులకి ఒక చిక్కుముడి ఎదురైంది. చనిపోయినవారి మెదడుని కోసి చూస్తే నాడీకణాలు, అంటే న్యూరాన్లు, దెబ్బతిని ఉన్నాయి. కానీ వాటి లోపల వైరస్ లేదు. వైరస్ పక్కనున్న వేరే కణాలలో ఉంది. మెదడుకి కాపలా కాసే మైక్రోగ్లియా, రక్తం నుంచి వలస వచ్చిన మాక్రోఫేజ్‌లు, వాటిలో దాక్కుంది. మరి ఇంట్లోకి అడుగు పెట్టకుండా ఇల్లు ఎలా కూలింది?

1988లో అమెరికాలో బ్రెన్నెమన్ బృందం దీనికి మొదటి జవాబు ఇచ్చింది. జీపీ120 అనేది వైరస్ పైతొడుగు మీద ఉండే ప్రోటీన్. వైరస్ లేకుండా, కేవలం ఆ ప్రోటీన్‌ని అతి సూక్ష్మ పరిమాణంలో ఎలుక మెదడు కణాల మీద వేస్తేనే న్యూరాన్లు చచ్చిపోయాయి. 1990లో స్టువర్ట్ లిప్టన్ బృందం ఈ మరణంలో కాల్షియం పాత్రని చూపించింది. మామూలుగా న్యూరాన్ మీద గ్లూటమేట్ అనే రసాయనం తగిలితే ఒక తలుపు కాసేపు తెరుచుకుని కొంచెం కాల్షియం లోపలికి వెళుతుంది. మనం కొత్త విషయం నేర్చుకోవడానికి అదే ఆధారం. జీపీ120 తగిలి రెచ్చిపోయిన మాక్రోఫేజ్‌లు గ్లూటమేట్‌నీ, అలాంటి ఇతర విషాలనీ కుమ్మరిస్తాయి. తలుపు మూసుకోదు. కాల్షియం వరదలా వచ్చి పడుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. ఒక న్యూరాన్ ఇంకో న్యూరాన్‌తో మాట్లాడుకునే సన్నని కొమ్మలు పూసలు పూసలుగా ఉబ్బి, తెగిపోతాయి. 1994లో స్టెఫనీ టోగస్, ఆమె సహచరులు ఈ ఒక్క ప్రోటీన్‌ని మెదడులో తయారుచేసే ఎలుకల్ని పుట్టించారు. వైరస్ ఛాయ కూడా లేని ఆ ఎలుకల మెదడులో ఎయిడ్స్ రోగుల మెదడులో కనిపించే మార్పులే చాలావరకు కనిపించాయి.

రెండో ప్రోటీన్ పేరు టాట్. వైరస్ తన నకళ్ళు తీసుకునే పనిని వేగవంతం చేయడం దాని వృత్తి. కానీ అది పుట్టిన కణంలో ఉండిపోదు. బయటికి వస్తుంది, పక్క కణాలలోకి దూరుతుంది, న్యూరాన్లని నేరుగానూ రెచ్చగొడుతుంది, మాక్రోఫేజ్‌లని పిలిచి మంట పెంచుతుంది. వీపీఆర్ అనే ఇంకో ప్రోటీన్ కూడా ఇలాగే బయటికి వచ్చి హాని చేస్తుంది.

ఇది ఆమెకి ఎలా చెప్పాలా అని చాలా ఆలోచించాను. చివరికి ఆమె ఊరే దారి చూపించింది. “ఎయిర్‌పోర్టు మీ ఇంట్లోకి వచ్చిందా?” అని అడిగాను. “రాలే. గోడ అవతలనే ఉన్నది” అంది. “మరి మీ ఇంట్లో ఏమీ మారలేదా?” “ఎందుకు మారలే? మోత, దుమ్ము, రేట్లు... అన్నదమ్ములు కొట్టుకునుడు.” కాసేపు ఆగి తనే అంది: “అంటే రోగం పక్కింట్ల ఉండి నా ఇల్లు ఖరాబ్ జేస్తున్నది అంటవ్.” ఎన్నో పాఠాలు చెప్పాను కానీ ఇంత త్వరగా అందుకున్న విద్యార్థిని నాకు తగల్లేదు.

ఇక మన దేశపు కథ. ప్రపంచంలో హెచ్‌ఐవి అంతా ఒక్కటే రకం కాదు. అమెరికా, యూరప్‌లలో ‘బి’ రకం ఎక్కువ. ఇండియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ ‘సి’ రకం ఎక్కువ. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో ఉదయ్‌కుమార్ రంగా బృందం 2004లో ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించింది. బి రకం టాట్‌లో 30, 31 స్థానాలలో రెండు సిస్టీన్‌లు పక్కపక్కన ఉంటాయి. ఇక్కడి సి రకంలో 31వ చోట సిస్టీన్ బదులు సెరీన్ ఉంటుంది. గొలుసులో ఆ ఒక్క పూస మారినందుకే మాక్రోఫేజ్‌ల పూర్వరూపాలైన మోనోసైట్‌లని పిలిచే శక్తి తగ్గింది. 2008లో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వాళ్ళు మనిషి న్యూరాన్ల మీద, న్యూయార్క్‌లో వినాయక ప్రసాద్ బృందం ఎలుకల మీద దీన్ని పరీక్షించారు. రెండు చోట్లా సి రకం తక్కువ హాని చేసింది.

మన వైరస్ మెదడు విషయంలో కాస్త మెత్తనిది అన్నమాట. చదివి సంతోషపడ్డాను. కానీ వెంటనే పాత అనుమానం వచ్చింది. ఎవరి కొలతలో మెత్తన? 2007లో బెంగళూరు నిమ్హాన్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో సి రకం ఉన్న 119 మందిని పరీక్షించారు. తీవ్రమైన డిమెన్షియా ఒక్కరికీ లేదు. కానీ 60.5 శాతం మందిలో ఒక మోస్తరు లోపాలు ఉన్నాయి. మాటలు తడుముకోవడం, నేర్చుకున్నది నిలవకపోవడం, ఒక పని చేస్తూ ఇంకోటి తలలో పెట్టుకోలేకపోవడం. పైగా 2013లో తేలిందేమిటంటే, దక్షిణాఫ్రికా ప్రాంతపు సి రకంలో ఆ రెండు సిస్టీన్‌ల జత ఎక్కువగా కనిపిస్తుంది, హానీ ఎక్కువే చేస్తుంది. కాబట్టి ‘సి మంచిది’ అని ఒక్క మాటలో తేల్చడానికి లేదు.

‘ఒక మోస్తరు’ అన్న మాట నన్ను వదలలేదు. కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి, గుర్తు చేసే మనుషులు ఇంట్లో ఉన్నవారికి అది ఒక మోస్తరే. ఇరవై గదులలో ఏది తుడిచిందో ఏది తుడవలేదో గుర్తుంచుకుంటేనే జీతం వచ్చే ఒంటరి ఆడదానికి అది ఒక మోస్తరు ఎలా అవుతుంది?

కొలిచే సాధనాలకీ ఒక చరిత్ర ఉంది. అమెరికాలో పురుషులని ఏళ్ళ తరబడి గమనించే పెద్ద అధ్యయనం 1984లో మొదలైంది. స్త్రీల కోసం అలాంటిది మొదలవడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆలస్యపు అధ్యయనంలోంచే పాలీన్ మకీ తదితరులు, హెచ్‌ఐవి ఉన్న స్త్రీలలో విన్న మాటలని నేర్చుకుని గుర్తుంచుకోవడం ముఖ్యంగా దెబ్బతింటోందని చూపించారు. ఇంక పరీక్షలు చాలావరకు చదువుకున్నవారి కోసం తయారైనవి. అక్షరాలు కలుపుతూ గీతలు గీయమంటారు. బడి మొహం చూడని మనిషి అక్కడే ఫెయిలు. 2005లో ఉగాండాలోనూ అమెరికాలోనూ పరీక్షించి, చదువుతో పనిలేని చిన్న కొలత ఒకటి తయారుచేశారు. వేళ్ళు త్వరత్వరగా కొట్టాలి. చేతిని మూడు రకాలుగా వరసగా మార్చాలి. నాలుగు మాటలు విని కాసేపాగి తిరిగి చెప్పాలి. ఆ నాలుగు మాటలు కుక్క, టోపీ, చిక్కుడు, ఎరుపు.

ఒక డాక్టరు స్నేహితురాలు ఆమెకి ఈ పరీక్ష చేసింది. నేను పక్కనే ఉన్నాను. చేతుల పనిలో ఆమె తడబడింది. మాటలు చెప్పమంటే “కుక్క... ఎర్రది...” అని ఆగింది. “ఒక కూరగాయ” అని గుర్తు చేసినా చిక్కుడు రాలేదు. టోపీ మాత్రం టక్కున చెప్పింది. “టోపీ ఎట్ల మరుస్తనమ్మా, మా మరిది పెట్టిందే కదా!” ముగ్గురం నవ్వాం. మార్కుల కాగితంలో ఆ జవాబుకి ఒక్క పాయింటే.

స్నేహితురాలు తొందరపడలేదు. థైరాయిడ్, బి12, ముట్లుడిగే వయసు, దిగులు, నిద్రలేమి, ఇవన్నీ యాదిమరుపు తెస్తాయి. మధ్యలో కొన్నేళ్ళు వాడిన ఎఫావిరెంజ్ మందు కూడా తలతిరుగుడు, పీడకలలు తెచ్చేదే. ఒక్కొక్కటీ చూసి తీసేసుకుంటూ రావాలి అంది. అంతకు ముందు ఒక చోట “వయసమ్మా” అని పంపేశారు, ఇంకో చోట “దిగులు మానెయ్” అన్నారు. తేడా ఇదే. ఈమె మాటని లక్షణంగా విన్నారు.

మందుల చరిత్ర కూడా ఆమె తలలో రాసి ఉంది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. భర్త అప్పటికి లేడు. సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేనే మందు అన్నది ఆనాటి నియమం. ఈమెకి ఇంకా తగ్గలేదని చెప్పి పంపేవారు. విమానాలు ఎగరడం మొదలైన ఏడాది 140కి పడిపోయింది. అప్పుడు మొదలుపెట్టారు. కణాల సంఖ్యతో పని లేకుండా అందరికీ మందు అన్న నిర్ణయం 2017లో వచ్చింది. అమెరికాలో 1,555 మందిని చూసిన చార్టర్ అధ్యయనంలో మందుల కాలంలో కూడా 52 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది. ఒకప్పుడు సీడీ4 ఎంత లోతుకి పడిపోయిందన్నదానికీ తర్వాతి మెదడు లోపానికీ సంబంధం ఉందని కూడా ఆ బృందం చెప్పింది. ఆమె నాలుగేళ్ళు మందు కోసం కాదు, మందుకి సరిపడా జబ్బు పడడం కోసం ఎదురుచూసింది.

ఇందులో ఒక వింత ఉంది. ఈ మందులని చవకగా ప్రపంచానికి అందించేది హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న కంపెనీలే. ఈమె వీధి చివర గోడ అవతల కార్గో టెర్మినల్లో పోయే సరుకులో మందులదే పెద్ద వాటా. ఆ మందులు ఆమెని బతికించాయి. కొత్త కణాలకి వైరస్ పాకకుండా ఆపుతాయి. అయితే ఇప్పటికే కణపు డీఎన్‌ఏలో కలిసిపోయిన వైరస్, టాట్‌ని తయారుచేయకుండా ఆపే మందు వాటిలో లేదు. రక్తంలో వైరస్ కనబడనివారి వెన్నునీటిలోనూ టాట్ దొరికింది. అందుకని మందులు మానాలని కాదు. మానితే మెదడుకి జరిగే హాని ఎన్నో రెట్లు ఎక్కువ. ఓదార్పు ఒకటుంది. ఇప్పటి రోజుల్లో ఎక్కువగా జరిగేది న్యూరాన్ల మరణం కంటే వాటి కొమ్మలు, కలయికలు దెబ్బతినడం. కొమ్మలు కొంతవరకు మళ్ళీ చిగురించగలవు.

ఇదంతా రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. ‘వైరస్ మెదడుని గాయపరుస్తుంది’ అని ఒక ఆడమనిషి రాస్తే, ఆ కాగితం చింపి పట్టుకుని “చూశారా” అనే మరుదులు ఊరికొకరు ఉంటారు. రాయకపోతే “వయసమ్మా” అని పంపేసే చోటే ఆమె నిలబడిపోతుంది. వెనక్కి చూస్తే స్త్రీల విషయంలో ఎప్పుడూ ఇదే ఇరకాటం. నొప్పి ఉందంటే బలహీనురాలివి, పనికి రావు అంటారు. లేదంటే వైద్యం ఉండదు.

దారి ఆమె భాషలోనే దొరికింది. మాది కోస్తా. మేం ‘మతిమరుపు’ అంటాం. మరపుని మతితో ముడిపెట్టేశాం. తెలంగాణలో ‘యాదిమరుపు’ అంటారు. యాది అంటే జ్ఞాపకం. మతి అంటే బుద్ధి, మంచీచెడూ తూచే శక్తి. మరిది “మతి లేదు” అంటున్నాడు. ఆమె “యాది ఉంటలేదు” అంటోంది. ఈ రెండు మాటల మధ్య ఒక పొలం ఉంది.

చట్టం కూడా ఆమె మాటకే దగ్గరగా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పన్నెండో సెక్షన్ అడిగేది ఒక్కటే. ఒప్పందం చేసుకునే సమయంలో ఆ మనిషి దాన్ని అర్థం చేసుకుని, తన మేలు తాను తూచుకోగలదా లేదా అని. చిక్కుడు గుర్తుందా అని కాదు. 1956 వారసత్వ చట్టంలో భార్య మొదటి తరగతి వారసురాలు. 2018 సెప్టెంబర్ 10న అమలులోకి వచ్చిన హెచ్‌ఐవి చట్టం ప్రకారం జబ్బు పేరుతో పనిలోంచి తీసేయడం వివక్ష కిందికి వస్తుంది. ఆమె అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడానికీ లేదు.

ఇవన్నీ ఆమెకి వరసగా చెప్పాను. మధ్యలో రెండుసార్లు “మళ్ళ చెప్పు” అంది. చెప్పాను. కొంగు చివర మూడు ముడులు వేసుకుంది. ఒకటి గోలీకి, ఒకటి డాక్టరు దగ్గరికి పోయే తారీఖుకి. మూడోది దేనికని అడిగాను.

“అమ్మనని చెప్పుటందుకు” అంది. “ఎప్పుడో ఒకరోజు పెద్దమనుషుల ముందట కూసోబెడ్తరు. అప్పుడు మాట తడబడ్తదేమో. ముడి పట్టుకుంట.” తర్వాత నా చేతిలో నోటు పుస్తకం చూసి అడిగింది. “నా పేరు రాయకు గని, గీ మాట మాత్రం రాయి. యాది పోతే పోనీ, మతి ఉన్నది అని.”

రాశాను.